డల్లాస్ దగ్గర, హిమాయత్‌నగర్ దూరం

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మీద ఐటీ దొరలకు నమ్మకం తగ్గిందట. ఎంత తగ్గిందో కొలిచారు కూడా. 2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20 వేల మందిని అడిగింది. బాగానే పనిచేస్తున్నామన్న ఉద్యోగులు 87 శాతం. తమ టీమ్ పనిచేస్తోందని పూర్తి నమ్మకమున్న నాయకులు? 12 శాతం! ఇది బాసులకు పట్టిన భయమే అని అప్పట్లో చెప్పింది మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లే. ఆయన కంపెనీయే 2025 సెప్టెంబరులో వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంది. భయం తగ్గిందా, అంటుకుందా?

అసలు హైదరాబాద్ ఐటీ అంటేనే దూరం నుంచి చేసే పని కదా స్వామీ! 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మనం అమ్ముతున్నదేమిటి? క్లయింటు డల్లాస్‌లో, కోడు మాదాపూర్‌లో. మధ్యలో మహాసముద్రాలు. ఆ క్లయింటు ఏనాడైనా మన కుర్చీ వెనకొచ్చి నిలబడ్డాడా? డాలర్లిచ్చే వాడికి లేని అనుమానం జీతం బిల్లు మీద సంతకం పెట్టే వాడికెందుకు? డల్లాస్‌కు మాదాపూర్ దగ్గర. మాదాపూర్‌కు మన ఇల్లున్న హిమాయత్‌నగర్ దూరం. ఇదెక్కడి భూగోళం?

టీసీఎస్ ముచ్చట వినండి. 2020లో కరోనా వేళ బాకా ఊదింది: 2025 నాటికి ఆఫీసులో ఉండాల్సింది పాతిక శాతం మందేనని. 2023 అక్టోబరుకల్లా అయిదు రోజులూ రమ్మంది. 2024లో హాజరుకూ వేరియబుల్ పేకూ ముడిపెట్టింది. 60 శాతం లోపు హాజరా? చేతికి సున్నా. పని ఎంత చేశావన్నది తర్వాత. ముందు గేటు దగ్గర కార్డు గీకావా లేదా?

సరే, గీకుదాం. నారాయణగూడలో మెట్రో ఎక్కు. పరేడ్ గ్రౌండ్స్‌లో మారు. రాయదుర్గం దాకా నిలబడు. అక్కడ ఆటోవాడితో బేరమాడు. ఆఫీసులో సీటు దొరకబుచ్చుకో. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని టీమ్స్ కాల్‌లో చేరు. అవతల మేనేజరు ఎక్కడున్నాడు? పుణేలో. ఇంట్లో! వెనకాల కుక్కర్ విజిల్ వినబడుతూనే ఉంటుంది. ఆయన మనకు కనబడనక్కర్లేదు. మన పేరు పక్కన పచ్చ చుక్క మాత్రం ఆయనకు కనబడాలి.

అశోక్‌నగర్ అద్దెగదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఏ బాసు పచ్చ చుక్క పెట్టాడు? జీతం లేదు, నోటిఫికేషన్‌కు గ్యారంటీ లేదు. అయినా పుస్తకం మూయడం లేదే!

నాయకుల నమ్మకం కొలిచారు, సంతోషం. నాయకుల మీద టీమ్ నమ్మకం కొలిచేదెప్పుడు? కొలుస్తారు లెండి. పేరు చెప్పక్కర్లేదంటూ లింకు పంపుతారు. మొదటి గడిలోనే ఎంప్లాయీ ఐడీ అడుగుతారు. అదీ అప్రైజల్ నెలలో.