నిమ్మసోడా తాగిన రాత్రి

గిద్దలూరులో ఇరవై రెండేళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పాను. మార్కాపురం పలక మీద సుద్దముక్కతో గుండె బొమ్మ గీసి, నాలుగు గదులూ చూపించి, "ఇంత రక్తం మధ్య ఉండే గుండెకు రక్తం కరువేముంటుంది?" అనేవాణ్ని. పిల్లలు నమ్మారు. నేనూ నమ్మాను.

ఒక రాత్రి ఛాతీ మీద రుబ్బురోలు పెట్టినట్టయింది. ఎడమ భుజం లాగింది, బనియను తడిసిపోయింది. గ్యాసేనని నిమ్మసోడా తాగి పడుకున్నాను. ఆస్పత్రికి పోదామని మా ఆవిడ రెండుసార్లు అడిగితే కసిరాను. తెల్లారాకే ఒంగోలు చేరాను.

అక్కడ తెర మీద నా గుండె రక్తనాళాలు చూపించారు. ఎక్కించిన మందు నల్లటి వేరులా పాకుతూ పోయి ఒకచోట ఆగిపోయింది. దాని అవతల ఏమీ లేదు, ఖాళీ.

గదుల్లోని రక్తం గుండె కండకు అందదు, లోపల అంటుకునున్న పలచటి పొరకు తప్ప. బృహద్ధమని మొదట్లోనే రెండు కరోనరీ ధమనులు చీలి, గుండె పైన పాకి, అక్కణ్నుంచి కండలోకి దిగుతాయి. ఒక్కో కండకణానికి దాదాపు ఒక్కో కేశనాళిక. కంభం చెరువు నిండుగా ఉన్నా తూము పూడితే మడి ఎండుతుందని మా వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఎడమ జఠరిక గోడలో లోపలివైపు కండ చివరి ఆయకట్టు లాంటిది. గుండె బిగిసినప్పుడు అక్కడి నాళాలు నొక్కుకుపోతాయి, సడలినప్పుడే రక్తం పారుతుంది. కరువొస్తే ముందు ఎండేది అదే.

మురుగు కాలువలు వేరే ఉన్నాయి, శోషరస నాళాలు. వాటి పారుదల లోపలి నుంచి పైపొరకు, అక్కణ్నుంచి ఛాతీలోని శోషరస గ్రంథులకు. కణాల మధ్య మిగిలిన నీటిని గుండె కొట్టుకునే ఒత్తిడే వాటిలోకి తోస్తుంది. దెబ్బతిన్న కండ ఉబ్బితే ఆ నీటిని లాగాల్సింది ఇవే. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడికీ వీటి పేరు చెప్పలేదు.

ఆ రాత్రి చనిపోయిన కండ మళ్లీ పెరగలేదు, మచ్చ కట్టింది. ఇప్పుడు మేడమెట్లు ఎక్కితే మధ్యలో ఆగాలి.

నా దగ్గర చదువుకున్న పిల్లలారా, నేను చెప్పిన ఆ మాట కొట్టేయండి. మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీ బరువెక్కి చెమట పడితే సోడా ఇవ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.