హరిత దళం గట్టు దాటరాదు

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బళ్ళు తెరిచేది జూన్ 12న. లోకమంతా భూగోళాన్ని కాపాడుతున్న వేళ మన హరిత దళం అమ్మమ్మగారి ఊళ్ళో ఆవకాయ ముక్కలు తుడుస్తూ ఉంటుంది. అయినా కార్యక్రమం ఆగకూడదు కనుక వీధిలో దొరికిన పిల్లల్ని పోగుచేసి, యూనిఫాం తొడిగించి, ఫొటోకు నిలబెడతారు. మొక్క ఒకటి, దానిమీద చేతులు ఎనిమిది. అందులో పిల్లలవి రెండే. తక్కినవన్నీ ముఖ్య అతిథివి, ఆత్మీయ అతిథివి, ఫ్లెక్సీలో తన బొమ్మ చిన్నదిగా పడిందని అలిగి ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషివి. ఆ ఫ్లెక్సీ మీద 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని రాసి ఉంటుంది. మర్నాటి నుంచి అదే సైకిల్ షెడ్డుకు పరదా. పునర్వినియోగం పద్దు కింద ఇంకో ఫొటో.

పిల్లల్ని ఏమీ అననక్కర్లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2001-02లో జాతీయ హరిత దళాన్ని పుట్టించి, బడికో ఎకో క్లబ్బు పెట్టి, ఏడాదికి కొద్దిపాటి సొమ్మిచ్చింది. తర్వాత మనసు కరిగి 5,000 రూపాయలు చేసింది. రోజుకు లెక్కేస్తే పద్నాలుగు రూపాయలకు లోపే. ఆ పద్నాలుగు రూపాయల్లోనే భూతాపం తగ్గాలి, ఓజోన్ పొర అతకాలి, సార్‌కి శాలువా కూడా రావాలి. ఇప్పుడు దానికి మిషన్ లైఫ్ అన్న తోక తగిలించారు. 2024 నుంచి అమ్మ పేరున ఒక మొక్క నాటి ఫొటో ఎక్కించాలి. సర్వర్ పనిచేయక సైన్సు మాస్టారు పడే అవస్థ ముందు మొక్కకు నీళ్ళు అందకపోవడం ఎంత?

హరిత దళానికి అనుమతించిన పనులు చాలానే ఉన్నాయి. కాగితం సంచులు చేయొచ్చు. విత్తన బంతులు విసరొచ్చు. మట్టి వినాయకుణ్ణి పంచొచ్చు. 'అందాల కొల్లేరు' మీద బొమ్మల పోటీ పెట్టొచ్చు. నీలం రంగు నీళ్ళు, నాలుగు కొంగలు వేసిన పిల్లకు మొదటి బహుమతి. అదే పిల్ల ప్రహరీ దాటి చేపల చెరువు గట్టెక్కి, అందులోకి ఏం పోస్తున్నారో, అందులోంచి ఏం బయటికి తోడుతున్నారో పుస్తకంలో రాసుకొస్తే బహుమతి ఉండదు. ఫలానా బడి అనక్కర్లేదు. కొల్లేటి లంకల్లో ఏ బడి ఫ్యాను రెక్క మీద చూసినా దాత పేరుంటుంది. ఆ దాతకు చెరువులుంటాయి. ఆయనే పర్యావరణ సభకు అధ్యక్షుడు కూడా.

"మాస్టారండీ, ఐదో కాంటూరంటే ఎక్కడిదాకానండీ?" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగిందనుకోండి. మాస్టారు కిటికీలోంచి చూస్తారు. చూపు ఆనినంత మేరా గట్లే. "అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో." పిల్ల "ఆయ్" అని కూర్చుంటుంది.

సిలబస్‌లో లేనిది ఇదీ. 1976 ప్రాంతంలో సొసైటీల పేరిట చేపల చెరువులు తవ్వించింది సర్కారే. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత వరకు కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నదీ సర్కారే. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరి కొల్లేరు అంతర్జాతీయమైంది. సుప్రీంకోర్టు ఆదేశాల మీద 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పొక్లెయిన్లు దింపి గట్లు తెంపారు. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. ఈలోగా తెగిన గట్లు మళ్ళీ లేచాయి. ఈ నేలమీద చెరువు గట్టు చిగురించినంత బలంగా బడిమొక్క చిగురించడం నేను చూడలేదు. ఈ తెంపుడులో రెండెకరాల వాటాదారు కూలికి పోయాడు. వందల ఎకరాల లీజుదారు రెండేళ్ళు ఓపిక పట్టాడు. ఈ తేడా కూడా పిల్లలు లెక్కల పీరియడ్‌లో చేయదగ్గదే.

ఏలూరు పిల్లలకైతే పాఠం ఇంటికే వచ్చింది. 2020 డిసెంబరులో 600 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షిస్తే రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఆ ఊళ్ళో హరిత దళం చేయాల్సిన మొదటి పని తాగే నీళ్ళేమిటో తెలుసుకోవడం కాదా? వేసవిలో కాలువలు కట్టేశాక ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా వంతెన మీద నిలబడి అడుగుకేసి చూడండి. ఏడాదంతా మనం నీళ్ళ కింద దాచుకున్న ఆస్తి అంతా కనబడుతుంది. అప్పటికి బళ్ళకు సెలవులు. ఎంత చక్కటి ఏర్పాటు!

కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీని 1946లో లోకానికి చెప్పినవాడు కె.కె. నీలకంఠన్. తర్వాత కేరళలో ఇందుచూడన్ పేరుతో పక్షుల పుస్తకాలు రాసిన ఇంగ్లీషు మాస్టారు. అప్పట్లో అక్కడ దాదాపు మూడు వేల పక్షులు గూళ్ళు పెట్టుకునేవి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైంది. ఇప్పుడు కొల్లేటి ఒడ్డునే ఆటపాకలో గూడబాతులు అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుంటున్నాయి. ఏటేటా మొక్కలు నాటే జిల్లాలో పక్షికి దొరికింది ఇనుప కొమ్మ. నీలకంఠన్ దగ్గర పోర్టల్ లేదు, బ్యానర్ లేదు. చూసి, లెక్కపెట్టి, రాశాడు.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. చిత్తడి నేలల దినోత్సవం ఫిబ్రవరి 2న. జూన్ 5లా కాదు, అప్పుడు బళ్ళు నడుస్తుంటాయి. ఆ వారంలో ఒక పూట పిల్లల్ని తమ్మిలేరు దగ్గరికో, ఉప్పుటేరు దగ్గరికో, ఊరి పక్క మురుగు కాలువకో తీసుకెళ్ళండి. సీసాలో నీళ్ళు పట్టించండి, చూసింది చూసినట్టు రాయించండి. రాసింది గ్రామసభలో ఆ పిల్లల చేతే చదివించండి. ముఖ్య అతిథిని మాత్రం పిలవకండి.