సిలబస్‌లో లేని ప్రశ్న

2016 మార్చిలో రాసిన పదో తరగతి సైన్సులో నాకు ఏ1 గ్రేడు, పదికి పది పాయింట్లు వచ్చాయి. మా అమ్మ ఆ మెమోను ఇప్పటికీ బీరువాలో చీరల కింద దాచుకుంది. చుట్టాలెవరైనా వస్తే తీసి చూపెడుతుంది. అప్పుడు నేను అక్కడినుంచి లేచిపోతాను. ఎందుకు లేచిపోతానో ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

మాది కరీంనగర్ జిల్లా. నాన్న పని అటువైపు పడటంతో నా హైస్కూలు చదువంతా ఆదిలాబాద్ జిల్లాలో ఒక హాస్టల్లో సాగింది. అప్పటికింకా జిల్లాను నాలుగు ముక్కలు చేయలేదు. నా ట్రంకుపెట్టె పక్కన ఒక గోండు పిల్లవాడి పెట్టె ఉండేది. ఉట్నూరు అవతల వాళ్ళ గూడెం. వాడు చదువులో మందకొడి కాడు. ఏ పాఠం విన్నా ‘ఎందుకు?’ అని ఆగేవాడు. నేను ఆగేవాణ్ణి కాదు.

నాది గైడు చదువు. ఎర్రరక్త కణం జీవితకాలం 120 రోజులు. దానికి కేంద్రకం ఉండదు. ప్లీహాన్ని ఎర్రరక్త కణాల శ్మశానవాటిక అంటారు. మలేరియా పరాన్నజీవిని దోమలో కనిపెట్టినవాడు రోనాల్డ్ రాస్, 1897, సికింద్రాబాద్. ఇవన్నీ నడుస్తూ, తింటూ, బట్టలు ఉతుకుతూ వల్లెవేసేవాణ్ణి. బిట్ పేపర్లో ఒక్క మార్కు కూడా పోకూడదని పట్టుదల. ఆ పట్టుదలనే తెలివి అనుకున్నాను.

జనవరిలో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, నిద్ర మత్తు వదలడానికి హౌజు దగ్గర చన్నీళ్ళ తానం చేయాలి, తర్వాత చదవాలి. ఒప్పందం అంటున్నాను గానీ అది నేను పెట్టిన రూలే. ఆదిలాబాద్ చలి ఎట్లాంటిదో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. బొక్కెనలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. మూడో రోజు వాడు లేవలేదు.

“కాళ్ళు గుంజుతున్నయిరా. బొక్కలల్ల నొప్పి.”

“పరీక్ష దగ్గరికొస్తే అందరికీ నొప్పులే. లే.”

చెయ్యి పట్టి లాగి హౌజు దాకా నడిపించి, నేనే రెండు బొక్కెనలు వాడి నెత్తిన కుమ్మరించాను. వాడు అరవలేదు. ఎడమ పక్క పొట్ట పట్టుకుని గచ్చు మీద కూర్చున్నాడు. పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకు వినబడింది. ఆ మధ్యాహ్నానికి మోకాళ్ళు వాచాయి. అన్నం వండే అమ్మ వాడి కండ్లు చూసి “పచ్చగయినయి బిడ్డా” అంది. వార్డెన్ అడిగితే నేను చెప్పిన మాట ఇది: “చదవలేక నాటకం ఆడుతుండు సార్.” ఆ తర్వాత మూడో రోజు వాళ్ళ నాయన వచ్చి, వాణ్ణి భుజం మీద వేసుకుని బస్టాండుకు నడిచాడు.

రెండు వారాలకు తిరిగొచ్చాడు. అప్పుడు మేం అనువంశికత పాఠంలో ఉన్నాం. మెండెల్ బఠానీలు, పసుపు గింజలు, ఆకుపచ్చ గింజలు, నాలుగు గళ్ళ పట్టిక. వాడికి తప్పిపోయిన పాఠాలు నేనే చెప్పాను. అంతర్గతమైన లక్షణం ఇద్దరు తల్లిదండ్రుల్లోనూ దాగి ఉంటే పిల్లల్లో ఎట్లా బయటపడుతుందో గళ్ళు గీసి చూపెట్టి, “నలుగురు పుడితే ఒక్కరికే వస్తది” అన్నాను. వాడు ఆ గళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

“మరి మా ఇంట్ల ముగ్గురమే. నాకూ చెల్లెకూ ఈ నొప్పులు. అన్నకు లేవు. అవ్వకు లేవు, బాపుకు లేవు. గిది గా లెక్కల వడ్తదా?”

పదిహేనేళ్ళ పిల్లవాడు ఎవరూ చెప్పకుండా తన ఇంటి జబ్బును పాఠంలో వెతికి పట్టుకున్నాడు. దానికి నేను “అది సిలబస్‌ల లేదు. పరీక్షల అడగరు” అన్నాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ల్యాబ్ టెక్నీషియన్ని. రెండేళ్ళ కింద ఒక స్లయిడు మీద లీష్మన్ రంగు వేసి, నూనె చుక్క పెట్టి, నూరు రెట్ల లెన్సు కింద చూశాను. గుండ్రటి కణాల మధ్య అక్కడక్కడ సన్నగా, రెండు కొసలు తేలి, వరికోత కొడవళ్ళు. పుస్తకంలో చూసినవే. అయినా ఆ రోజు లెన్సు మీంచి తల ఎత్తలేకపోయాను.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే చాలు. ఆక్సిజన్ తగ్గినచోట ఆ హిమోగ్లోబిన్ పోచలు పోచలుగా పేరుకుని కణాన్ని వంచేస్తుంది. వంగిన కణాలు సన్న నాళాల్లో ఇరుక్కుంటే ఆ కిందిభాగానికి రక్తం అందదు. అదే బొక్కల నొప్పి. చలికి నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. నేను రెండు బొక్కెనలతో చేసింది అదే. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే పగిలిపోతుంది. కండ్లు పచ్చబడటం అందుకే. నా శ్మశానవాటిక వాడి ఎడమ పక్కటెముకల కిందే ఉంది. నేను కంఠతా పట్టిన ప్రతి వాక్యమూ వాడి ఒంట్లో జరుగుతూనే ఉంది.

రోనాల్డ్ రాస్ కూడా దీనికి దూరపువాడేం కాదు. ఈ సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళను ప్రాణాంతక మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న అడవుల్లో అది నిలిచిపోయింది. నీలగిరి గిరిజనుల్లో దీన్ని 1952లోనే గుర్తించారు. మా హాస్టల్లో మాత్రం 2016 నాటికి కూడా అది నాటకమే. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

వాడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక వాళ్ళ గూడెంలో రక్తపరీక్షలు చేశారట. వాడికీ చెల్లెకూ ఉన్నట్టు తేలింది. హైడ్రాక్సీయూరియా వేసుకుంటున్నాడు. “నీళ్ళు బాగ తాగుమన్నరు. చన్నీళ్ళతోని తానం చెయ్యద్దన్నరు” అని మామూలుగా చెప్పాడు. నేను హౌజు సంగతి ఎత్తాను. కాసేపు ఏమీ అనలేదు. “యాదికున్నది” అన్నాడు.

పోయిన చలికాలం వాడే కరీంనగర్ వచ్చాడు, పెండ్లి కుదిరిన అమ్మాయిని వెంటబెట్టుకుని. “ఈమె రక్తం నువ్వే చూడు” అన్నాడు. సాల్యుబిలిటీ పరీక్ష చేశాను. ద్రావణంలో రక్తం కలిపి ఐదు నిమిషాలు ఆగి, గొట్టాన్ని గీతలున్న కార్డు ముందు పెట్టాలి. సికిల్ ఉంటే ద్రావణం మబ్బు పట్టి గీతలు కనబడవు. కనబడ్డాయి, ఒక్కో గీతా స్పష్టంగా. అదొక్కటే చాలదని, బీటా తలసీమియా జన్యువు ఉన్నా పిల్లలకు ప్రమాదమేనని చెప్పి పెద్ద పరీక్షకు కూడా పంపాను. నాలుగు రోజులకు ఆ రిపోర్టూ మంచిగానే వచ్చింది.

కాగితం మీద నాలుగు గళ్ళు గీశాను. నాలుగింట్లోనూ ఒకే జంట అక్షరాలు పడ్డాయి. పిల్లలందరికీ జన్యువు ఒక్కటే వస్తుంది, జబ్బు రాదు. ఆ అమ్మాయి “మంచిదే కదన్నా?” అని రెండుసార్లు అడిగింది. దాని పక్కనే వాళ్ళ అవ్వాబాపుల పట్టిక కూడా గీశాను. అందులో జబ్బు నాలుగో వంతు.

“ఇది టెన్త్‌ల చెప్పినవు గదరా. నలుగురిల ఒక్కరికని.”

“తప్పు చెప్పిన. నలుగురిల ఒకరని కాదు. పుట్టిన ప్రతి బిడ్డకూ నాలుగో వంతు. ముందు పుట్టినోళ్ళతోని లెక్క లేదు. ముగ్గురిల ఇద్దరికి రావచ్చు.”

వాడు కాగితం తన దిక్కు తిప్పుకుని, మూడో గడి మీద వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.