బండేమయిందన్నా?

"బండేమయిందన్నా?" అని అడగని మనిషి చిల్లకూరు నుంచి వరగలి దాకా ఒక్కడుంటే చెప్పండి, వాళ్లింటికెళ్లి దండేసి వస్తాను. పొద్దున్నే సైకిల్ తీయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఇదే గోల. టీ అంగడి దగ్గర అడుగుతారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు అడుగుతారు, రొయ్యల గుంట గట్టు మీద ఏరియేటర్ బాగుచేసుకుంటున్నవాడు పని ఆపి లేచొచ్చి మరీ అడుగుతాడు. బండికేం కాలేదయ్యా, ఇంటి ముందు నిక్షేపంగా ఉంది, ట్యాంకు నిండా పెట్రోలు కూడా ఉంది అంటే మొహంలో జాలి రెండింతలవుతుంది. బండికి ఏమీ కాకపోతే మనిషికే ఏదో అయిందని లెక్క.

అడిగేవాళ్లలో మూడు రకాలున్నారు. మొదటి రకానికి నా ఒంటి మీద బెంగ. "షుగరా?" అంటారు గొంతు తగ్గించి. కాదంటే నమ్మరు. "దాచుకుంటే తగ్గదన్నా, నాకూ మూడొందలుండేది" అని సొంత రిపోర్టు విప్పుతారు. తినకముందెంత, తిన్నాకెంత, కాకరకాయ రసం తాగాకెంత అన్నీ విని కదిలేసరికి తూర్పున ఎండెక్కి ఉంటుంది.

రెండో రకానికి నా ఆస్తి మీద బెంగ. మా వైపు మనిషి ఉన్నట్టుండి సైకిలెక్కాడంటే గుంటల్లో రొయ్యకు తెల్లమచ్చ తగిలిందనే అర్థం. "ఎన్ని ఎకరాలేసినావన్నా?" అని నిదానంగా మొదలుపెడతారు. నాకు గుంటల్లేవు మొర్రో అన్నా వినరు. "పోనీలే, చెప్పుకోలేవులే" అని భుజం తట్టి పోతారు. ఆ సాయంత్రానికల్లా నేను ఎకరాలకెకరాలు మునిగిపోయినట్టు గూడూరులో ఉన్న మా బావమరిదికి ఫోను వెళుతుంది.

మూడో రకం రాజకీయం. ఎన్టీఆర్ తన పార్టీకి సైకిల్ గుర్తు ఎంచుకున్న నాటి నుంచి ఆంధ్రదేశంలో సైకిల్ వట్టి సైకిల్‌గా బతికే హక్కు కోల్పోయింది. దానికి తోడు లారీవాళ్లకు దూరం నుంచే కనబడాలని నేను కొన్న హెల్మెట్ పసుపు రంగుది. ఇంకేముంది, ఒకాయన పక్కకు పిలిచి "నామినేటెడ్ పదవేమన్నా మాట్లాడుతున్నారా?" అన్నాడు. ఫ్యాను కింద పడుకునేవాణ్ని మీదే పార్టీ అని ఎవరూ అడగరు. గ్లాసులో టీ తాగేవాణ్ని అసలే అడగరు. సైకిలెక్కినవాడికే ఈ అగ్నిపరీక్ష.

మన వైపు అలగానిపాడు వారే, పుచ్చలపల్లి సుందరయ్యగారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లి వచ్చిన మనిషి. ఆయన్ని పట్టుకుని "బండేమయింది కామ్రేడ్?" అని అడిగే గుండె ధైర్యం ఢిల్లీలో ఎవరికీ ఉండుండదు. నా మొహం చూస్తే మాత్రం అందరికీ ఆ ధైర్యం వస్తుంది.

సరే, తొక్కడమైనా సుఖమా అంటే అదీ లేదు. "మనవైపంతా చదునే గదా, కాలు పెడితే అదే పోతుంది" అంటారు, ఎన్నడూ తొక్కనివాళ్లు. చదునే, కాదనను. వరి కయ్యలు, ఆ తర్వాత గుంటలు, ఆ తర్వాత ఉప్పుటేరు బురద, బకింగ్‌హాం కాలువ, సముద్రం. ఎక్కడా మోకాలెత్తు మిట్ట కూడా లేదు. అందుకేగా గాలికి అడ్డేమీ లేనిది! గాలి వేగం రెట్టింపయితే దాని అడ్డు నాలుగింతలవుతుంది. నైరుతి రోజుల్లో పడమటి గాలి పొద్దుటి నుంచే తోలుతుంది. పోయేటప్పుడు వీపు మీద చెయ్యేసి సముద్రం దాకా మర్యాదగా దిగబెడుతుంది. వచ్చేటప్పుడు అదే చెయ్యి గుండెల మీద పెట్టి తోస్తుంది. సముద్రపు గాలి తిరిగే దాకా ఆగి వద్దామంటే అది తిరిగేసరికి మధ్యాహ్నమవుతుంది, ఈలోపు మాడు పగులుతుంది. హాలెండువాళ్లు 2013 నుంచి ఎదురుగాలి తొక్కుడుకే జాతీయ పోటీలు పెట్టుకుంటున్నారు. తుపాను గాలి వచ్చే రోజు చూసి, సముద్రానికి కట్టిన అడ్డుకట్ట మీద, గేర్లు లేని సైకిళ్లతో ఎనిమిదిన్నర కిలోమీటర్లు. వాళ్లు పతకాల కోసం తొక్కుతారు. నేను ఇడ్లీ చల్లారకముందు ఇంటికి చేరడానికి తొక్కుతాను.

గాలినైనా క్షమిస్తాను గానీ కంపముల్లును క్షమించను. సర్కారు తుమ్మ అనండి, కంప అనండి, రోడ్డుకు రెండు వైపులా కాపలా కాసేది అదే. ఎవరో వంటకు నాలుగు కొమ్మలు కొట్టుకుపోతారు. రాలిన ముళ్లు రోడ్డు అంచున ఇంత పొడుగున, ఎండి, ఎప్పుడూ నా సన్నటైరుకే ఎదురుచూస్తుంటాయి. టైరులోంచి ముల్లు లాగి వేళ్ల మధ్య పెట్టుకుని చూస్తే దాని మీద కూడా గౌరవం కలుగుతుంది. మొదట్లో అగ్గిపుల్లంత లావు, కొసన కంటికి ఆననంత సన్నం.

ఇది మన చెట్టు కాదు. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు చెట్టు. అక్కణ్నుంచి నా టైరు దాకా ఎలా వచ్చిందని ఆరా తీస్తే ముద్దాయి దొరికాడు. పేరు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1830లో పుట్టి, కుర్రతనంలోనే కంపెనీ సైన్యంలో చేరి మద్రాసొచ్చి, అడవుల శాఖలో పెద్ద కన్సర్వేటరు దాకా ఎదిగిన దొర. దక్షిణ భారతపు ఫెర్న్ మొక్కల మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. ఎన్నో పాములకు, కప్పలకు ఆయన పేరు పెట్టుకున్నారు. అంతటితో ఊరుకుని ఉంటే మహానుభావుడని నేనూ దణ్ణం పెట్టేవాణ్ని. వర్షం పడని నేలల్లో కట్టెపుల్లకు కరువు రాకూడదని ఈ చెట్టు గింజలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వాలు మంచి అర్జీలను పక్కన పెట్టి ఇలాంటివాటినే వెంటనే మంజూరు చేస్తాయి కదా. 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో ఇది మొట్టమొదట కాలు పెట్టింది అక్కడేనంటారు.

కమలాపురం ఎక్కడ, చిల్లకూరు ఎక్కడ? మధ్యలో వెలికొండలు అడ్డం. కానీ దీని కాయ తియ్యన. మేక తింటుంది, గింజ మాత్రం అరగదు. మేక నడిచినంత దూరం చెట్టు నడుస్తుంది. వేరు సంగతి చెబితే నమ్మరు. అమెరికాలోని అరిజోనాలో దీనికి దగ్గరి చుట్టమైన చెట్టు వేరొకటి 53 మీటర్ల లోతున గనిలో బయటపడింది. మనం బోరు వేయించేటప్పుడు ఎన్ని అడుగులకు నీళ్లు పడతాయోనని కొబ్బరికాయ పట్టుకుని తిరుగుతాం, అది ఎవరినీ అడక్కుండా దిగిపోతుంది. ఉప్పు నేలన్నా దానికి ఒకటే, చౌడన్నా ఒకటే. కొడితే మొదలు నుంచి నాలుగు లేస్తాయి. పక్క తమిళనాడులో దీన్ని పెరికించే గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఉత్తర్వులు వచ్చాయి, చెట్టు మాత్రం అక్కడే ఉంది. బెడ్డోమ్ దొర 1911లో కన్నుమూశాడు కాబట్టి బతికిపోయాడు. లేకుంటే ఇప్పటిదాకా అయిన ప్యాచీల బిల్లులన్నీ లండనుకు పంపేవాణ్ని.

ముల్లు దిగాక ఇక నడకే. సైకిల్ తోసుకుంటూ నడుస్తుంటే "ఏమయింది?" అనే ప్రశ్నకు మొదటిసారి అర్థముంటుంది. విచిత్రమేమంటే అప్పుడెవరూ అడగరు, "చెప్పినాం గదా" అన్నట్టు చూస్తారు. పంక్చర్ షాపబ్బాయి చక్రం విప్పి, ట్యూబు నీళ్ల బేసిన్లో ముంచి, బుడగ లేచిన చోట వేలు పెట్టి పట్టుకుంటాడు. అంతవరకూ ఏ లోటూ లేదు. గాలి కొట్టబోయి ఆగిపోతాడు. నా సైకిల్ వాల్వు సన్నది, తల మీద చిన్న మర ఉంటుంది. "ఇదేందన్నా, సెలైన్ సూదిలాగుండాది. మన పంపు దీనికి పట్టదే" అంటాడు. దానికో ఇత్తడి బిళ్ల బిగించాలని, అది నా జేబులోనే ఉందని చూపిస్తే, నాలుగు వైపులా తిప్పి చూసి, ఇంత చిన్నదానికి ఎంత తీసుకున్నారని అడుగుతాడు. నిజం చెబితే నన్ను చిల్లకూరులో బతకనివ్వరు. సగం చెప్పాను. దానికే షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆ షాపు బల్ల మీద కూర్చున్నప్పుడే ఒకటి తోచింది. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద సైకిల్ మీద పోయేది నేనొక్కణ్నే కాదు. రాత్రంతా గుంటల దగ్గర కాపలా కాసి ఇంటికి పోయే యానాది మనిషి ఉంటాడు. ఉప్పుటేట్లో పట్టిన పీతలు డబ్బాలో పెట్టుకుని వాడవాడా తిరిగే ముసలాయన ఉంటాడు. కంప కాల్చిన బొగ్గు బస్తా వెనకాల కట్టుకుని, సీటు మీద కూర్చోలేక తోసుకుంటూ నడిచేవాడు ఉంటాడు. నేను తిట్టిపోసే చెట్టే ఆయనకు బువ్వ పెడుతోంది. బెడ్డోమ్ దొర పుణ్యం ఏమన్నా ఉంటే ఆ బస్తాలోనే ఉంది. వాళ్లను "బండేమయిందన్నా?" అని ఎవరూ అడగరు. వాళ్లకు బండి ఉంటుందని ఎవరూ అనుకోరు గనక. సైకిల్ నాకు సరదా. దిగి బండెక్కితే అయిపోతుంది. వాళ్లకు దిగితే నడకే మిగులుతుంది.

ఆ రోడ్డు మీదే తెల్ల ఇసుక టిప్పర్లు తిరుగుతాయి. మా మండలం ఇసుక సిలికా ఇసుక, గాజు చేయడానికి పోతుంది. టిప్పరు హారన్ మోగితే సైకిలువాడు తారు దిగాలి. దిగడానికి అంచు ఏది? వానలకు కోసుకుపోయి జానెడు లోతున గుంట, ఆ గుంటలో జారిపడ్డ ఇసుక, దాని మీదికి వంగిన కంప. నేను ఆగి, కాలు ఆనించి, టిప్పరు పోయాక కదులుతాను. బొగ్గు బస్తావాడు ఆ బరువుతో ఆగనూ లేడు, దిగనూ లేడు. అద్దంలా మెరిసే గాజంతా మా ఇసుకే అని మేం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఇసుక వెళ్లే దారిలో ఈ మనిషి కనబడడు.

చిల్లకూరు, కోట మండలాల్లో రాబోయే కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు వస్తే రోడ్లూ వస్తాయి, రావాలి కూడా. ఆ రోడ్ల నక్షాలు గీసే అయ్యలకు ఒక్క మనవి. వంతెనలు, కూడళ్లు మీ ఇష్టం. తారు పక్కన రెండు మీటర్ల గట్టి అంచు మాత్రం మొదటి రోజే గీతలో పెట్టండి. ఇప్పుడున్న రోడ్డుకు ఏటా వానలు పోయాక కంప కొట్టించి, కొట్టిన ముళ్లు అక్కడే వదలకుండా ఎత్తించి, గుంటల్లో గ్రావెల్ పోయించండి. టిప్పరు నడిపే తమ్ముళ్లూ, సైకిల్ కనబడితే హారన్ బదులు బ్రేకు నొక్కండి. దీనికి శంకుస్థాపన అక్కర్లేదు, రేపు పొద్దున నుంచే మొదలుపెట్టొచ్చు.