‘మాంగో లేదా బిష్టుపూర్’: ఒక ఆటో వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: డేటా ఆటో = మాంగో | బిష్టుపూర్

అవతారిక. జంషెడ్‌పూర్‌లో సాక్చి గోల్‌చక్కర్ దగ్గర షేర్ ఆటోవాలా గొంతు చించుకుని అరిచే మాటనే హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే పై వాక్యమవుతుంది. కర్త ఎవరో తెలియదు. పాఠం చిన్నది, అర్థం అందరికీ తెలిసిందే. వ్యాఖ్యాత విజృంభించడానికి ఇంతకంటే అనువైన చోటుండదు.

ప్రతిపదార్థం. డేటా = కొత్త టైప్ పుట్టిందహో అని చాటుతూ; ఆటో = ఆ శిశువు పేరు; మాంగో = సువర్ణరేఖ ఆవలి ఒడ్డునున్న పేట (పండని భ్రమించరాదు); నిలువు గీత = లేదా; బిష్టుపూర్ = ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్న పేట. క్రియాపదం లేదేమని వైయాకరణులు అడగవచ్చు. కంపైలర్ అడగదు.

తాత్పర్యం. ఆటో అనే టైప్‌కు విలువలు రెండే. దాన్ని రెండు మూలకాల సమితి అనుకుంటే లెక్కలన్నీ ముచ్చటగా కుదురుతాయి. ముందు సీటా, వెనక సీటా అన్నది జత చేస్తే 2×2, నాలుగు. గమ్యం చెప్పకపోనూవచ్చు అనే ‘మేబీ’ తగిలిస్తే 2+1, మూడు. గమ్యం చూసి ‘ఎక్కు’ అనో ‘వద్దు’ అనో చెప్పే ప్రమేయాలు రెండు వర్గం, అంటే నాలుగు: ఎటైనా ఎక్కేది, ఎటూ ఎక్కనిది, మాంగో అయితేనే ఎక్కేది, బిష్టుపూర్ అయితేనే ఎక్కేది. ఇంతవరకూ ఇంటర్మీడియట్ పాఠమే.

పూర్వపక్షం. ‘టైప్ అంటే సమితే అయితే, మళ్లీ ఈ కొత్త పేరెందుకయ్యా?’

సమాధానం. తనలో తాను మూలకం కాని సమితులన్నిటినీ ఒక సమితిగా పోగేస్తే, అది తనలో తాను ఉన్నట్టా లేనట్టా? 1901లో బెర్ట్రాండ్ రసెల్‌కు తట్టిన ఈ చిక్కుకు 1908లో రెండు మందులు వెలువడ్డాయి. జెర్మెలో సమితులకు స్వీకృతాలు కట్టాడు. రసెల్ టైపుల సిద్ధాంతం ప్రకటించాడు. సాక్చిలో టాటా ఉక్కు కర్మాగారం పనులు మొదలైందీ ఆ ఏడాదే. ఆ మందులకూ ఈ కర్మాగారానికీ ఏ సంబంధమూ లేదు. వ్యాఖ్యాతలకు సంబంధం కలపకపోతే నిద్ర పట్టదు. రసెల్ ఆలోచనను 1940లో ఆలంజో చర్చ్ లాంబ్డా కాలిక్యులస్‌లోకి తెచ్చాడు. అక్కడి నుంచి 1970లలో రాబిన్ మిల్నర్ చేతిలో ఎంఎల్ భాష, 1990లో హాస్కెల్ పుట్టాయి.

ఇంకో భేదం కూడా ఉంది. మూలకాలు ఒకటైతే సమితులూ ఒకటే. టైపులకు ఆ నియమం చెల్లదు. సాక్చి బజారులో కిలోలూ, రూపాయలూ అంకెలే. కానీ ‘న్యూటైప్’తో వేరువేరు టైపులు చేస్తే కిలోలకు రూపాయలు కూడనివ్వదు కంపైలర్. ఇది మరీ చాదస్తం అనుకునేవారు 1999 నాటి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను తలచుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలతలో అంకెలిస్తే, ఇంకోటి వాటిని న్యూటన్లనుకుంది. వ్యోమనౌక అంగారకుడి దగ్గర గల్లంతైంది.

విశేషం. అసలు గుట్టు ఇక్కడుంది. షేర్ ఆటో నిండితేగాని కదలదు. లోపల కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. అటు మాంగో రాదు, ఇటు బిష్టుపూర్ రాదు. ఇలా ఎంతకీ తెమలని లెక్కను కూడా హాస్కెల్ ఒక విలువ కిందే జమకడుతుంది. దాని పేరు బాటమ్. దాదాపు ప్రతి టైప్‌లోనూ అది పిలవని పేరంటంగా వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఆటోకు విలువలు మూడు, ఎక్కు–వద్దులకూ మూడు. సమితుల లెక్కన ప్రమేయాలు మూడు ఘనం, 27 ఉండాలి.

ఉన్నవి 11.

ఎందుకంటే ‘ఈ ఆటో ఎప్పటికీ కదలదు’ అని ముందే పసిగట్టి జవాబు చెప్పే ప్రోగ్రామ్ రాయలేము. గమ్యం తేలేదాకా ఆగే ప్రమేయాలు 3×3, తొమ్మిది. గమ్యం చూడకుండానే ‘ఎక్కు’ అనేది ఒకటి, ‘వద్దు’ అనేది ఒకటి. ఒకసారి చూడకుండా అన్నాక, చూసి మాట మార్చే వీల్లేదు. మిగిలిన 16 కాగితం మీద ప్రమేయాలే, యంత్రం మీద కావు.

ఈ నష్టంలోనే లాభముంది. ఏ సమితీ తన ఘాతసమితితో, అంటే తన ఉపసమితులన్నిటి సమితితో, ఒకటికి ఒకటిగా జతపడదని క్యాంటర్ నిరూపించాడు. ఉపసమితి అంటే ఒక్కో మూలకాన్ని చూసి ‘ఉంది’ అనో ‘లేదు’ అనో చెప్పే ప్రమేయమే. హాస్కెల్ మాత్రం ‘డి అంటే, డి నుంచి బూల్‌కు (ఔను–కాదుల టైప్‌కు) వెళ్లే ప్రమేయం’ అనే నిర్వచనాన్ని కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది. అన్ని ప్రమేయాలనూ కాక, పై పదకొండు లాంటి బుద్ధిమంతులనే లెక్కలోకి తీసుకుంటే ఇలాంటి సమీకరణాలకు సాధనలు దొరుకుతాయని 1969లో డానా స్కాట్ దారి చూపాడు.

పాఠాంతరం. ఆగ్డా అనే భాషలో మామూలుగా బాటమ్‌కు చోటు లేదు; ప్రతి ప్రమేయమూ ఆగి తీరాలి. అక్కడ ఆటో ప్రమేయాలు మళ్లీ నాలుగే. అయితే ఆగుతుందని తనకు నమ్మకం కుదరని ప్రోగ్రామ్‌ను, అది నిజానికి ఆగేదైనా సరే, ఆగ్డా వెనక్కి పంపేస్తుంది.