చింతబరికె కాలం

మా రోజుల్లో పిల్లోణ్ని బడిలో చేర్చేటప్పుడు నాయన ఒకటే మాట చెప్పేవాడు: "కండ్లు రెండూ వదిలిపెట్టి, తోలు ఒలిచేయ్ సామీ." అంతే, అడ్మిషన్ అయిపోయినట్టే. ఫారాలు లేవు, ఆధార్ లేదు. అయ్యవారు కొట్టినాడని ఇంట్లో చెప్తే "నువ్వేం చేసింటివిరా?" అని ఇంకో రెండు పడేవి. అందుకే ఎవడూ చెప్పేవాడు కాదు.

బరికె సంగతి నీకేం తెలుసబ్బీ? చింతదైతే సన్నగా ఉండి సుర్రుమనేది. కానుగదైతే మోతే గానీ నొప్పి తక్కువ. ఎవని బరికె వాడే విరుచుకోని రావాల. తెలివిగా కానుగ కొమ్మ తెచ్చినోణ్ని అయ్యవారు మళ్లీ చింతచెట్టు కాడికే తరిమేవాడు. మీ బీయీడీ పుస్తకాల్లో దీన్ని మించిన పాఠం ఉందా? ఇంక గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ల మీద నిలబడేది. మా గుమ్మఘట్ట ఎండంటే మాటలా! అప్పుడైనా ఆషాఢంలో నాలుగు చినుకులు పడేవి, చెనిక్కాయ విత్తేవాళ్లం, ఇప్పుడు ఆ చినుకులూ... ఏం చెప్తాంటి? ఆ, క్రమశిక్షణ.

మన రాష్ట్రంలో 2002లోనే పిల్లోళ్లను కొట్టగూడదని జీవో వచ్చింది. తర్వాత ఢిల్లీ వాళ్లు 2009లో విద్యాహక్కు చట్టం చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టినారు. అందులో 17వ సెక్షను ప్రకారం పిల్లోళ్లను కొట్టగూడదు, మానసికంగా వేధించగూడదు. కొట్టేది సరే, మనసు నొప్పించకుండా పదమూడో ఎక్కం ఎట్లా చెప్పిస్తారు సామీ? ఆ ఎక్కమే పెద్ద వేధింపు గదా!

2025 మార్చిలో బొబ్బిలి మండలం పెంట హైస్కూల్లో ఏం జరిగిందో చూస్తివా? పిల్లోళ్లకు చదువు రాలేదని హెడ్మాస్టరే వాళ్ల ముందర సాష్టాంగపడి, చెవులు పట్టుకోని గుంజీళ్లు తీసినాడు. మంత్రి లోకేశ్ గూడా మెచ్చుకున్నాడు. మా కాలంలో గుంజీళ్లు తీసేది మేము, లెక్కబెట్టేది అయ్యవారు. కలికాలం!

అన్ని దెబ్బలు తిన్న మీ తరం ఏం పొడిచిందని మాత్రం అడగొద్దు. నాతో ఒకటో తరగతిలో కూచున్నోళ్లలో సగం మంది బరికెకు జడిసి గొర్లెంట పోయినారు. ఇంకొందరు భైరవానితిప్ప డ్యాం కాడ పొద్దంతా ఈతలు కొట్టి, బడి విడిచే వేళకు పలక సంకలో పెట్టుకోని ఇంటికొచ్చేవాళ్లు. వాళ్లకు చదువు రాకపోయినా క్రమశిక్షణ వచ్చింది. అంటే, అదీ రాలేదులే.

అయినా ఒక మాట విను. మా అయ్యవారు ఊర్లోనే కాపురముండేవాడు. రెండు దినాలు బడికి రాకపోతే పొద్దున్నే ఇంటి ముందరకొచ్చి నిలబడేవాడు, చేతిలో బరికె గూడా ఉండేది కాదు. మా జేజి మజ్జిగ ఇచ్చేది. ఆయన చెంబెత్తి తాగుతా గూట్లో దాక్కున్న నా పక్క ఒక చూపు చూసేవాడు. నిక్కరు తడిసేది. ఇప్పటి అయ్యవారు రాయదుర్గం నుంచి బండి మీద వస్తాడు. 2022 నుంచి హాజరుకు ఫోనుకు మొగం చూపించాల, మొన్నటిదాకా మరుగుదొడ్లకు ఫొటోలు గూడా తీయాల్సొచ్చె. వానల్లేక అమ్మానాయనలు బెంగుళూరికి కూలికి పోతే పిల్లోడు జేజి కాడ మిగులుతాడు. వాడు ఎందుకు ఎదురు మాట్లాడతాన్నాడో, ఎందుకు రాలేదో ఆ ఫోనుకేం తెలుస్తుంది?

సరే, బరికె వద్దంటే వద్దు, మీ చట్టం మీది. కానీ అయ్యవార్లూ, బడికి రాని పిల్లోని ఇంటికి ఒక్కసారి పోయి రాండి. దానికి ఏ సెక్షనూ అడ్డం రాదు.