ఎక్స్‌పోర్ట్ నొక్కండి చాలు

మావాడు ఓడలు డిజైన్ చేస్తాడని మా నాన్నగారు ఎవరితోనైనా అంటే, విన్నవాళ్లు నా వంక గౌరవంగా చూసి "టైటానిక్ లాంటివా?" అంటారు. ఆ ప్రశ్నలోని అపశకునం ఎవరికీ తట్టదు. నేనూ కాదనను. కంప్యూటర్లో వేరేవాళ్లు కట్టిన ఓడను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఫైళ్లుగా కటింగ్ షాపుకి పంపడం నా ఉద్యోగమని చెప్పుకుంటే, చేతిలో కాఫీకన్నా ముందు ఆ గౌరవమే చల్లారిపోతుంది.

విశాఖలో మా ఆఫీసుకి పెద్దమనుషులెవరైనా వస్తే తెరమీద ఓడను గిరగిరా తిప్పి చూపిస్తాం. వంకర వెల్డింగు ఉండదు, తుప్పు ఉండదు. మోడల్ నూరు శాతం పూర్తయిందని స్లైడు వేస్తారు, చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగాక నా ఏడుపు మొదలు. ప్లాస్మా మెషీన్‌కి ఓడతో పనిలేదు. ఎక్కడ టార్చి వెలిగించాలి, ఎటు తిరగాలి, ఎక్కడ ఆర్పాలి, ఇంతే దానికి కావలసింది. డెక్కూ డబుల్ బాటమూ దానికి ఒకటే.

సాఫ్ట్‌వేర్ అమ్మినాయన "ఎక్స్‌పోర్ట్ నొక్కండి చాలు" అన్నాడట. పాపం, అబద్ధమాడలేదు. నొక్కితే ఫైళ్లు వస్తాయి. అవి ఎవరికి పనికొస్తాయో ఆయన చెప్పలేదు, మనవాళ్లు అడగలేదు.

మా పాత కటింగ్ మెషీన్‌కి ఈఎస్‌ఎస్‌ఐ ఫార్మాట్ తప్ప రుచించదు. అందులో దశాంశ బిందువుండదు. కొలతంతా మిల్లీమీటరులో పదో వంతు లెక్కన, అంటే మీటరు పొడవుకి 10000 అని రాయాలి. పైగా మంట వెడల్పు మేరకు ఇనుము కరిగి పోతుంది కాబట్టి, టార్చిని అందులో సగం పక్కకు జరిపి నడపాలి. ఈ జరపడం సాఫ్ట్‌వేర్ చేయాలా, మెషీన్ చేయాలా? ఇద్దరూ చేస్తే ముక్క పెద్దదవుతుంది, ఇద్దరూ ఊరుకుంటే చిన్నదవుతుంది. ఈ పంచాయితీ తేలేదాకా 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు మెషీన్ మీద పడుకుని ఉంటుంది. దాని బరువు రెండు టన్నుల పైమాటే. ఒకసారి కోశాక అతికించి మళ్లీ కోద్దామంటే కుదరదు.

కుడి ఎడమల గొడవ మరోటి. పోర్టు, అంటే ఎడమ వైపు ముక్కను అద్దంలో తిప్పితే స్టార్‌బోర్డు, అంటే కుడి వైపు ముక్క వచ్చేస్తుందని కంప్యూటర్ నమ్మకం. మెషీన్ మాత్రం ప్లేటు పైముఖం మీదే గీతలు గీస్తుంది. ప్లేటుకి బలమిచ్చే పట్టీ, అంటే స్టిఫ్‌నర్, రావలసింది రెండో ముఖం మీదైతే ఫోర్‌మన్ గారి నుంచి ఫోనొస్తుంది: "ఏటి బాబూ, మార్కింగ్ కింద పక్కకుండాలట కదా. కిందకి దూరి గీయమంటారా?"

బెండింగ్ షాపు వాళ్లకిచ్చే డేటా ఒక్కటే నాకు ముచ్చట. వంచాల్సిన స్టిఫ్‌నర్ మీద ముందే ఒక వంపు గీత గీస్తారు. ప్రెస్సులో నొక్కుతూ పోతే ఇనుము వంగుతుంది, గీత తిన్ననవుతుంది. గీత మీద దారం పట్టి చూస్తే ఎక్కడా తేడా రాలేదంటే, ఇనుము సరిగ్గా వంగినట్టే. ఇంత తెలివి ఎవరికి పుట్టిందో గానీ, దండం పెట్టాలనిపిస్తుంది. 1948లో ఇక్కడే నెహ్రూ గారు 'జల ఉష' ఓడను నీళ్లలోకి వదిలిన కాలంలో లాఫ్ట్ అనే పెద్ద గది నేలమీద ఓడ గీతల్ని అసలు కొలతలకే గీసి, చెక్క టెంప్లేట్లు చేసేవారు. టెంప్లేటుని చంకలో పెట్టుకుని షాపుకి నడిచి వెళ్లడమే అప్పటి ఎక్స్‌పోర్ట్. ఈ ఫైలు తెరవడానికి లైసెన్సు లేదు అని ఏ చెక్కా అనలేదు.

స్టోర్సు వాళ్లకి ఎక్సెల్ కావాలి. ముక్క నంబరు 3-5 అని పంపితే ఎక్సెల్ దాన్ని మే నెల 3వ తేదీగా మార్చేస్తుంది. "మే మూడు బ్రాకెట్ ఇంకా రాలేదండీ" అని వాళ్లు, "మేకి ఇంకా టైముంది కదా" అని కటింగ్ షాపు వాళ్లు!

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పేర్లు. మోడల్లో ముక్క పేరంటే బ్లాకు, ఫ్రేము, వరస, చివర్న పోర్టో స్టార్‌బోర్డో చెప్పే అక్షరం, మొత్తం చాంతాడంత. మెషీన్ ఎనిమిది అక్షరాలకు మించి తీసుకోదు, తోక కోసేస్తుంది. కోసిన తోకలోనే అసలు విషయమంతా ఉంటుంది. సింహాచలం అప్పన్న దయవల్ల మా వైపు వీధి మొదట్లో నిలబడి "అప్పలరాజూ" అని పిలిస్తే సగం వీధి తొంగిచూస్తుంది. మా షాపులో బ్రాకెట్లూ అంతే.

ఫోర్‌మన్ గారు మా మీద ఆశ వదులుకుని పెయింటుతో తానే పేర్లు పెట్టడం మొదలెట్టారు: పెద్దోడు, బుడ్డోడు, వంకరోడు. ఆ తర్వాత ఏ ముక్కా తప్పిపోలేదు. అవే మా పార్టు లిస్టులోకి ఎక్కించాం. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే పెద్దోడు, బుడ్డోడు ఏడేసి అక్షరాల్లో ఇమిడిపోయారు. వంకరోడుకి మాత్రం మధ్యలో ఒక 'ఏ' తీసేయాల్సి వచ్చింది. ఈమధ్య ఓ కన్సల్టెంటు వచ్చి ఆ లిస్టు చూశాడు. ఈ పేర్లు ఏ స్టాండర్డ్ ప్రకారం అని అడిగాడు. మా మేనేజరు గారు తడుముకోకుండా "లోకల్ స్టాండర్డ్" అన్నారు. కన్సల్టెంటు బుద్ధిగా రాసుకుని, దాని కాపీ ఒకటి మెయిల్ చేయమన్నాడు.